ఐదు వందల గ్రాముల తూకపు రాయి

ఆదివారం, రాత్రి పదిన్నర

తెల్లవారుజామున పట్టిన వాన తొమ్మిదింటికి గాని తెరిపి ఇవ్వలేదు. నిన్న నేను పనిచేసే ఫిజిక్స్ ప్రయోగశాలకు తాళం వేసే ముందు లెక్చరర్ గారిని అడిగి, రిజిస్టరులో రాసి తెచ్చుకున్న రెండు వస్తువులను సంచిలో సర్దాను. ఒకటి ఐదు వందల గ్రాముల ఇత్తడి తూకపు రాయి, రెండోది చిన్న దూరాలను కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్. వాటి పక్కనే పొద్దున వేసిన సర్వపిండి డబ్బా. పాప ఆకలిని అస్సలు ఓర్చుకోలేదు.

పద్నాలుగేళ్ళ పిల్లకు పిస్టల్ కొనబోతున్నామని చెప్పినప్పుడు మా అత్తమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అది గాలి పిస్టల్ అనీ, పది మీటర్ల దూరంలోని కాగితాన్ని కొట్టడానికి 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, వాడతారనీ చెప్పాను. గొట్టం లోపలి వ్యాసం అంతే ఉండి, శక్తి 20 జౌళ్ళు మించని గాలి ఆయుధాలకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదని కూడా చెప్పాను. చివరికి ఆమె భయం పోగొట్టింది మాత్రం హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఫొటో. 2018లో పదమూడేళ్ళకే జాతీయ ఛాంపియన్ అయిందని చెబితే, "మన పాపకంటే చిన్నదే కదా" అని ఫోను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

రెండేళ్ళుగా పాప క్లబ్బు పిస్టల్‌తోనే నేర్చుకుంటోంది. దాన్ని నలుగురు పిల్లలు పంచుకోవాలి. గురి చూసుకునే సైటును ఒకరు సరిచేసుకుంటే దాన్ని ఇంకొకరు మార్చేస్తారు. పాప తన మొదటి పది పెల్లెట్లను తప్పు ఎక్కడుందో వెతకడానికే ఖర్చు చేస్తుంది. ఈ ఏడాది సొంతది ఉండాల్సిందేనని కోచ్ సార్ గట్టిగా చెప్పారు. మా ముందు రెండు దారులు ఉన్నాయి. హనుమకొండలోనే ఒక అబ్బాయి ఉద్యోగం కోసం ఊరు విడిచి వెళ్తూ తన స్టెయర్ కంపెనీ గాలి పిస్టల్ ఎల్‌పీ 10 అమ్ముతున్నాడు. ధర లక్షా పదివేలు. లేదంటే అదే కంపెనీ, అదే వంశంలో తర్వాత తెచ్చిన ఎవో 10ను కొత్తగా తెప్పించుకోవాలి. దానికి రెండు లక్షల నలభై వేలవుతుంది. ఎల్‌పీ 10 షూటింగ్ లోకంలో పెద్ద పేరున్న ఆస్ట్రియా పిస్టల్. ఎన్నో అంతర్జాతీయ పోటీల్లో ఎందరో ఛాంపియన్ల చేతుల్లో ఉన్నదే. నెల రోజులుగా నేను దీని గురించి తప్ప మరో మాట ఆలోచించలేదు.

కాజీపేట దారిలో ఉన్న షూటింగ్ రేంజ్‌కు చేరేసరికి ఆ అబ్బాయి పెట్టె తెరిచి కూర్చున్నాడు. కోచ్ సార్ మరో విద్యార్థి దగ్గర అడిగి ఒక ఎవో 10 కూడా తెప్పించి ఉంచారు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తదాని ఒంటి మీద గీత లేదు. పాతదానికి గొట్టం పక్కన రంగు తగ్గింది, చేత్తో పట్టుకునే గ్రిప్ చెక్క చెమటకు నల్లబడింది. చూడగానే మనసు కొత్తదాని వైపే లాగింది. ఇంత చక్కగా చేసిన వస్తువు బిడ్డ చేతిలో ఉండాలని ఏ తల్లికి ఉండదు?

పెట్టెలోంచి పాతదాన్ని తీయగానే నేను చేసిన మొదటి పని దాని గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవడం. అందులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుతారు. తయారైన రోజు నుంచి పదేళ్ళు దాటిన సిలిండర్‌ను పోటీల్లో వాడకూడదు. దీనికి ఇంకా ఏడు నెలలే గడువుంది. ఆ అబ్బాయి ఆ సంగతే గమనించలేదట. బాధపడ్డాడు, కొత్త సిలిండర్‌కయ్యే సొమ్ము ధరలో తగ్గిస్తానని తనే అన్నాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది. గాలి బయటికి పోకుండా ఆపే లోపలి రబ్బరు సీళ్ళ సంగతి తేదీ చదివితే తెలియదు. గాలి నింపించి, ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడ ఆగిందో నోటుబుక్కులో రాసుకుని పిస్టల్‌ను పక్కన పెట్టమన్నాను. ఈలోగా పాప ఎవో 10తో కాల్చింది.

ఇరవై పెల్లెట్లకు, రెండు వందలకుగాను 178. కార్డు మీద నట్టనడుమ ఉండే పదో వలయం చుట్టూ అన్ని వైపులా చిల్లులు. పాప ముఖం వెలిగిపోయింది. ట్రిగ్గర్ చాలా మెత్తగా ఉందని, అమ్మమ్మ ఇంటి పాత తలుపు గడియలా ఒక్కచోటే 'టక్' మంటుందని చెప్పింది.

గంట గడిచాక చూస్తే పాతదాని ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. సీళ్ళు బాగున్నట్టే. ఇక తూకపు రాయి వంతు. పోటీకి ముందు తనిఖీలో పిస్టల్ మూతిని నిటారుగా పైకి పట్టి, ట్రిగ్గర్‌కు ఐదు వందల గ్రాముల బరువు తగిలించి లేపుతారు. ఆ బరువుకే ట్రిగ్గర్ జారితే ఆ పిస్టల్ పనికిరాదు. పెల్లెట్ లేకుండా ఎక్కుపెట్టి, రాయికి దారం కట్టి బల్ల మీంచి మెల్లగా లేపాను. నిలిచింది. మూడుసార్లూ నిలిచింది. లోపలి ఇనుము అరగలేదని అర్థమై నా గుండె దడ తగ్గింది.

పాతదానితో పాప ఇరవై కాల్చింది. 172. కార్డులను బల్ల మీద పడేసి మౌనంగా నీళ్ళు తాగింది. నేను కార్డులు తీసి చూస్తే చిల్లులన్నీ ఎడమవైపు కిందకు దిగి, ఒకే చోట గుమిగూడి ఉన్నాయి. కాలిపర్‌తో కొలిచాను. ఒకదానికొకటి అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరం కొత్తదానితో 41 మిల్లీమీటర్లు, పాతదానితో 34. పదో వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు అయిన చోట ఏడు మిల్లీమీటర్లు చిన్న తేడా కాదు. చెయ్యి కుదురుగానే ఉంది, సైటు ఆ అబ్బాయి కంటికి సరిచేసి ఉంది, అంతే. సైటు తిప్పించి మరో పది కాల్పిస్తే 91 వచ్చింది. పాప ఏమీ అనలేదు గానీ రెండో సర్వపిండి ముక్క కోసం చెయ్యి చాచింది.

ఈ రెండింటి మధ్య తేడా ఏమిటని కోచ్ సార్‌ను విడమరిచి అడిగాను. పెల్లెట్ ముందుకు దూసుకుపోయేటప్పుడు పిస్టల్ వెనక్కి తన్నుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే లోపల ఒక చిన్న బరువు వెనక్కి కదిలి ఆ తన్నును మింగేస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ట్రాలీలతో చూపిస్తున్న న్యూటన్ మూడో నియమమే ఇది! ఆ ఏర్పాటు రెండింటిలోనూ ఉంది. కొత్తదానిలో ట్రిగ్గర్‌కు, గ్రిప్‌కు సర్దుబాట్లు పెరిగాయి. రెండు తరాల్లోనూ ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ రకాలు వేరుగా ఉన్నాయి. వాటి వైపు నా మనసు పోలేదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పోటీ మధ్యలో మొరాయించిందని వార్తలు వచ్చాయి. దాన్ని బాగుచేయించుకుని వచ్చేలోపు ఎన్నో విలువైన నిమిషాలు పోయాయి. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చుకుంది, అది ఆమె గుండె నిబ్బరం. కానీ టోక్యోలో ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేదు.

పాతదానిలో నిజంగా కుదరనిది గ్రిప్ ఒక్కటే. ఆ అబ్బాయిది పెద్ద అరచెయ్యి. చెక్కకు అక్కడక్కడ మైనం లాంటి ముద్ద పెట్టి తన వేళ్ళకు తగ్గట్టు మలచుకున్నాడు. పాప పట్టుకుంటే బొటనవేలి కింద వేలంత ఖాళీ. చిన్న సైజు గ్రిప్ విడిగా దొరుకుతుంది, దాన్ని ఆకురాయితో పాప చేతికి తగ్గట్టు తనే అరగదీసి ఇస్తానని కోచ్ సార్ అన్నారు. పిస్టల్ ఏ ఏడాదిదైనా చేతికి తగిలేది ఈ చెక్కే కదా. ఇంత ఖాళీతోనే 91 కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. డబ్బు చాలక పాతదాన్ని మెచ్చుకుంటున్నానా? ఇంటికి వచ్చాక మావారితో కూర్చుని లెక్క వేశాను. పిస్టల్, సిలిండర్, గ్రిప్ కలిపినా లక్ష పైచిలుకు మిగులుతుంది. అది ఏడాదికి సరిపడా పెల్లెట్లు, నెలకు రెండుసార్లు హైదరాబాదు రేంజ్‌కు రైలు ప్రయాణాలు. డబ్బు లెక్క నా నిర్ణయంలో ఉంది, కాదనను. అయితే ఆ 34 మిల్లీమీటర్లు కూడా ఉన్నాయి. వాటిని నేనే కొలిచాను.

పాపను పిలిచి అడిగాం. "కొత్తది అందంగా ఉందమ్మా" అంది ముందు. కాసేపాగి, "పాతదాన్ని పట్టుకుంటే చెయ్యి వణకలేదు" అంది.

ఆ అబ్బాయికి ఫోను చేసి, తగ్గించిన ధరకు తీసుకుంటామని చెప్పాను. బుధవారం ఇస్తాడు. పాప ఇప్పుడు ముందు గదిలో దీపం ఆర్పకుండా నిలబడి ఉంది. తెల్లటి గోడకు ఎదురుగా, నీళ్ళ సీసాను కుడి చేత్తో భుజం ఎత్తున పట్టుకుని, శ్వాస లెక్కపెట్టుకుంటోంది. అత్తమ్మ మంచం మీంచి చూస్తూ, "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవాలని చెప్పారు కదే మీ సారు" అంటోంది.

తూకపు రాయిని, కాలిపర్‌ను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. రేపు తొమ్మిదింటికి ముందే రిజిస్టరులో తిరిగి ఇచ్చినట్టు సంతకం చేయాలి.