ఎవరో చోక్ వేసి మర్చిపోయినారు రా

కువైట్‌లో పికప్ ట్రక్కుని వానెట్ అంటారు. అరబ్బులూ అంతే, బంగ్లా వాళ్ళూ అంతే, పాకాల నుంచి పొయ్యిన నేను కూడా మూడో నెలకే వానెట్ అనడం మొదలుపెట్టినా. షువైఖ్ సనయలో, అంటే ఆడి ఆటోనగర్ అనుకోండి, ఒక గ్యారేజీలో పదకొండేళ్ళుగా పని చేస్తా ఉండా. ఇప్పుడు సెలవులో తిరుపతిలో ఉండా కాబట్టి ఇది రాసేదానికి కుదిరింది, లేకుంటే ఆడ రాత్రి జిలీబ్ రూముకొచ్చి వండుకోని తినేసరికే పదకొండైపోతాది.

నేను పని నేర్చుకునింది కరకంబాడి రోడ్డులో మా మేస్త్రీ షెడ్డులో. ఇప్పుడు ఆ షెడ్డులో ఉండే పిల్లోళ్ళు నన్ను చూస్తే చాలు, అన్నా శూన్ వీసా, అదే కంపెనీ పనికిచ్చే వీసా, ఏదన్నా ఉంటే చూడన్నా, నాకు స్కానర్ పెట్టేది వచ్చన్నా అంటారు. స్కానర్ రావడం మంచిదే, నేనేం తక్కువ చెయ్యను, కానీ స్కానర్ ఏమీ చెప్పని బండి ఒకటి వస్తాది ఎప్పుడో ఒకప్పుడు, ఆ రోజు ఏం చేస్తారో అనేదే నా బాధ.

మూడేళ్ళ కిందట జనవరిలో పొద్దున ఏడుకి గ్యారేజీ ముందర ఒక వానెట్ ఆగింది. 1994 మోడల్ జీఎంసీ సియెరా, 5.7 లీటర్ల వీ8 ఇంజన్, వెనక తొట్టిలో గొర్రెలకి గడ్డి మోపులు. బండి కంటే ముందు వాసనొచ్చింది, కాలని పెట్రోల్ వాసన, కళ్ళు మండతాయి దానికి. సైలెన్సర్ కింద నేల మీద నల్లటి మసి చుక్కలు. దిగినాయన డెబ్బై ఏళ్ళ పెద్దాయన, బదూ మనిషి, అంటే ఎడారి తెగ మనిషి, చలికాలమంతా ఎడారిలో ఖైమా, అంటే డేరా, వేసుకోని గొర్రెల దగ్గర ఉంటాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, దాని నిండా బిల్లులు. ఆక్సిజన్ సెన్సర్ మార్చినారు, ప్లగ్గులు రెండు సార్లు, మ్యాప్ సెన్సర్, ఇంజెక్టర్లు, అన్నీ కొత్తవే. పొగ మాత్రం పాతదే.

ఇంగొక సంగతి చెప్పాలి ఇక్కడ. కువైట్‌లో మామూలు పెట్రోల్ లీటరు 85 ఫిల్సు, 2016 నుంచీ అదే రేటు, మన డబ్బులో పాతిక రూపాయల దగ్గర. అందుకని మైలేజీ రావడం లేదని బండి తెచ్చే మనిషి ఆడ కనపడడు. మన దామలచెరువు మండీకి తోతాపురి కాయలు తోలే డ్రైవరైతే లీటరుకి ఒక్క కిలోమీటరు తగ్గినా సాయంత్రానికి షెడ్డులో ఉంటాడు. ఆడ నల్ల పొగ వచ్చేదాకా, పొద్దున స్టార్ట్ కాకుండా మొరాయించేదాకా తెలీదు. జబ్బు ముదిరినాక వస్తాయి బండ్లు, అందుకే నిదానంగా చూడాల.

మా ఫోర్‌మన్ ఈజిప్ట్ ఆయన, పని తెలిసిన మనిషే, కానీ ఆయనకి బండి గంటలో పోవాల. అన్నీ మార్చినారు కదా ఇంగ మిగిలింది కంప్యూటరే, స్క్రాబ్ అంగడి నుంచి పాతది తెప్పించి వెయ్యి అన్నాడు. నాకు సగం రోజు ఇవ్వండి, దొరక్కపోతే మీరు చెప్పినట్టే చేస్తా అని అడిగినా. ఒప్పుకున్నాడు, ముఖం మాడ్చుకోనే.

మొదట ప్లగ్గులు. ఎనిమిదీ విప్పి, గుడ్డ పరిచి, ఇంజన్‌లో ఉండే వరసలోనే పెట్టినా, డ్రైవర్ పక్క 1, 3, 5, 7, అవతల పక్క 2, 4, 6, 8. ఇది మా మేస్త్రీ కొట్టి నేర్పించిన అలవాటు. ఒక్క ప్లగ్గు మాత్రమే నల్లగా ఉంటే గొడవ ఆ సిలిండర్‌ది, ఒక పక్కవి నాలుగూ నల్లగా ఉంటే ఆ పక్కది, జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకొస్తాంది. ఇక్కడ ఎనిమిదికి ఎనిమిదీ కాటుక పెట్టినట్టు పొడి మసి, వేలితో తుడిస్తే వచ్చేస్తాంది. అంటే ఇంజన్ మొత్తానికీ పెట్రోల్ ఎక్కువ పోతా ఉండాది. ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి, బరువు లెక్కన, అదీ సరైన కలుపు. ఆయిల్ కడ్డీ తీసి వాసన చూస్తే దాంట్లో కూడా పెట్రోలే, అంత దిగిపోయింది కిందకి.

నాతో పని చేసే బంగ్లా తమ్ముడు ఎయిర్ ఫిల్టర్ చూపించినాడు, తూజ్ అంటారే ఆడ దుమ్ము గాలి, దాని ఇసకంతా దాంట్లోనే ఉండాది. మార్చాల్సిందే, మార్చినాం. కానీ కారణం అది కాదని చెప్పినా. కార్బొరేటర్ బండికైతే ఫిల్టర్ మూసుకుపోతే రిచ్ అవుతాది, అంటే గాలి తక్కువై పెట్రోల్ పాలు ఎక్కువవుతాది. ఈ ఇంజన్ మ్యానిఫోల్డ్ లోపలి, అంటే గాలి లోపలికి పొయ్యే గొట్టాల్లోని, ఒత్తిడిని మ్యాప్ సెన్సర్‌తో కొలుచుకోని పెట్రోల్ వేస్తాది, గాలి తగ్గితే ఒత్తిడీ తగ్గతాది, పెట్రోల్ కూడా తగ్గించుకుంటాది, మహా అయితే పికప్ పోతాది. ఆ సెన్సర్‌కి పోయే వాక్యూమ్ పైపు పగిలితే మాత్రం ఇంజన్ మీద బరువు పడిందనుకోని పెట్రోల్ కుమ్మరిస్తాది, ఆ పైపు మొదలు నుంచి చివరిదాకా చేత్తో తడిమి చూసినా, బాగుండాది.

పెట్రోల్ ప్రెషర్ గేజి పెట్టినా. ఈ రకం ఇంజన్‌కి 9 నుంచి 13 పీఎస్ఐ ఉండాల, 11 చూపించింది. దీని ఇంజెక్టర్లు రెండూ కార్బొరేటర్ స్థానంలో పైనే కూర్చోని ఉంటాయి, ఎయిర్ క్లీనర్ ఎత్తితే కళ్ళెదరే పిచికారీ చేస్తా కనిపిస్తాయి, గంట ఆకారంలో. ఇంజన్ ఆపినాక టార్చి వేసుకోని రెండు నిమిషాలు చూస్తా నిలబడినా, ఒక్క చుక్క రాలలేదు. డ్యాష్‌బోర్డు కింద కనెక్టర్‌లో ఎ, బి పిన్నులు వైరు ముక్కతో కలిపితే చెక్ ఇంజన్ లైటు కొట్టుకుంటా కోడ్ చెప్తాది, 1994 బండికి అదే స్కానర్. 12, 12, 12. అంతే, మళ్ళీ 12. కంప్యూటర్ తన కథ తాను బాగానే ఉండానని చెప్తాంది, తప్పు ఏమీ కనిపించలేదంటాంది.

అప్పటికి పన్నెండైంది. తిరుపతిలో రెండున్నర, మేస్త్రీ అన్నం తిని షెడ్డులో నడుం వాల్చే టైము. ఐఎంఓ యాప్‌లో వీడియో కాల్ చేసి ప్లగ్గులన్నీ చూపించినా. ఆయనకి డెబ్బై దాటినాయి, ఈ బండి జన్మలో చూసుండడు. కానీ ఆయన చేతి కింద తిరుమల కొండకి తిరిగే జీపులు, అంబాసిడర్లు ఎన్ని పోయినాయో లెక్క లేదు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చినప్పుడు ఆయన కుర్రోడు, ఎక్కే బండ్లు కొత్త దాంట్లో, దిగే బండ్లు 1944 నాటి పాత దాంట్లో. పైన గాలి పలచన, కింద సరిగ్గా పెట్టిన కార్బొరేటర్ పైన కొంచెం రిచ్ అవుతాది, కొండ మీద బండి ఆపంగానే వాసన బట్టి ఎంత తిప్పాలో చెప్పేవాడంట. ఇప్పుడు మ్యాప్ సెన్సర్ చేసే పని అప్పుడు ఆయన ముక్కు చేసేది.

ప్లగ్గులన్నీ చూసి, చూసి, "రేయ్ అబ్బోడా, ఎవరో చోక్ వేసి తియ్యడం మర్చిపోయినారు రా దీనికి" అన్నాడు. చోక్ అంటే పాత బండ్లలో చలికి స్టార్ట్ కావడానికి గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది.

"దీనికి చోక్ ఉండదు మేస్త్రీ, అంతా కంప్యూటరే."

"ఉండకుండా ఎట్ల స్టార్ట్ అవుతాది రా చలిలో? చోక్ పని ఎవురు చేస్తా ఉండారో వాణ్ణి అడుగు పో" అని పెట్టేసినాడు.

ఆ మాట పట్టుకోని బండి చుట్టూ రెండు సార్లు తిరిగినా. చోక్ పని చేసేది కంప్యూటరే. చల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ వదలమని దానికి చెప్పేది నీళ్ళ టెంపరేచర్ సెన్సర్. అది అబద్ధం చెప్తాందా? పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకోని పాతిక నిమిషాలు రోడ్డు మీద తిప్పి తెచ్చినా. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు కింద నుంచి లేవలేదు. నేను దాన్నే చూస్తా ఉంటే ఆయన సంబరంగా "బారిద్, జైన్" అన్నాడు, చల్లగా ఉండాది, మంచిది అని. అంతకు ముందు చూసిన మెకానిక్కులందరూ ఆ ముల్లుని చూసుంటారు, అందరూ మంచిదనే అనుకోనుంటారు.

సెన్సర్ ప్లగ్ తీసి మీటరు పెడితే వెయ్యి ఓమ్‌ల చిల్లర. దాని పక్కనే మ్యానిఫోల్డ్ మీద టెంపరేచర్ గన్ పెడితే 48 డిగ్రీలు. ఆ వేడికి ఆ సెన్సర్ అంతే చూపించాల, 90 డిగ్రీలకైతే 240 దగ్గర ఉండాల. అంటే సెన్సర్ నిజమే చెప్తాంది. ఇంజనే నిజంగా చల్లగా ఉండాది! పాతిక నిమిషాలు నడిచినాక కూడా. థర్మోస్టాట్ మూత రెండు బోల్టులు విప్పి చూస్తే లోపల ఖాళీ. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనీకుండా ఆపే థర్మోస్టాటే లేదు, ఎవరో పీకేసి సిలికాన్ రాసి మూసేసినారు.

ఎందుకు పీకినారో నాకు తెలుసు, మన ఊర్లో కూడా పీకతారు. 2016 జులైలో ఆ దేశంలోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కొట్టింది, ఆ ఎండలో నీళ్ళు మరిగితే భయం, థర్మోస్టాట్ తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ తిరగతానే ఉంటాయి కదా అని తీసేస్తారు. ఎండాకాలం గడిచిపోతాది, ఇంజన్ ఎట్లైనా వేడెక్కతాది. జనవరిలో ఎడారి రాత్రి ఏడెనిమిది డిగ్రీలకి దిగుతాది, అప్పుడు ఇంజన్ వేడెక్కదు, కంప్యూటర్ పాపం ఇప్పుడే స్టార్ట్ చేసినారనుకోని గంటల తరబడి పెట్రోల్ పోస్తానే ఉంటాది. ఏ సెన్సరూ చెడలేదు, కాబట్టి ఏ కోడూ రాదు.

కొత్తది వేసే ముందర రేడియేటర్ కడిగించి ఫ్యాన్ క్లచ్ చూసినా, ఎందుకంటే రేపు జులైలో బండి మరిగితే ఆయన నన్నే అడుగుతాడు, అడగాల కూడా. థర్మోస్టాట్ అంచులో మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేసి, లోపల గాలి నిలబడకుండా, బిగించినా. స్టార్ట్ చేసి పై హోసు పట్టుకోని నిలబడినా. చల్లగా, చల్లగా, ముల్లు మాత్రం మెల్లగా లేస్తా ఉండాది, ఒక్కసారిగా హోసు చెయ్యి పెట్టలేనంత కాలింది, తెరుచుకుంది. ఇంజన్ చప్పుడు మారింది, ముద్దగా కొట్టుకునేది తేలిక పడింది. పెద్దాయన ముల్లుని చూసి గాబరా పడినాడు, వేడి, వేడి అని. నాకొచ్చిన అరబ్బీలో, మనిషి ఒంట్లో వేడి ఉన్నట్టే దీనికీ ఉండాల బాబా అని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకోని వెనక్కి తీసుకపోయి సైలెన్సర్ దగ్గర నిలబెట్టినా. పొగ లేదు. చాలాసేపు ఆడే నిలబడినాడు.

థర్మోస్టాట్, గాస్కెట్, ప్లగ్గులు, ఆయిల్, రేడియేటర్ కడిగిన కూలీ అన్నీ కలిపినా ఆ కవర్లో ఉండే ఒక్క బిల్లంత కాలేదు.

ఆ పాత ప్లగ్గులు నేను పారెయ్యలేదు. ఈసారి సెలవుకి వచ్చేటప్పుడు అరబ్బీ పేపర్లో చుట్టి, ఒక్కోదాని మీద నెంబరు రాసి తెచ్చినా. మొన్న షెడ్డుకి పొయ్యి మేస్త్రీ ముందర ఒకటి పెడితే, కళ్ళద్దాలు సర్దుకోని చూసి "మిగతా ఏడూ యాడ రా?" అన్నాడు. బ్యాగులోనే ఉండాయి మేస్త్రీ అని తీసి, బల్ల మీద గుడ్డ పరిచి, వరసలో పెట్టినా. పిల్లోళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడినారు.