చెవిపోటుకు నేను వాడిన మందులు

మార్గశిరంలో పట్టిన జలుబు తగ్గుముఖం పడుతోందనుకుంటుండగా నా ఎడమ చెవి దిబ్బడ వేసి, ఆ రాత్రికే విపరీతమైన పోటు మొదలయింది. శ్రీకాకుళంలో మా ఇంటికి నాగావళి దగ్గరే కనుక, ఏటి స్నానం వల్లనే చెవిలో నీరు చేరిందని మా అత్తగారు తేల్చేసి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయడానికి సిద్ధమయ్యారు. నేను వద్దన్నాను. తెల్లవారుజామున చెవిలో ఏదో తెగినట్టయి, తలగడ మీద నెత్తుటి చారతో పసుపుపచ్చని చీము కనిపించింది. చిత్రమేమిటంటే, అక్కడి నుంచి నొప్పి చాలావరకు తగ్గిపోయింది. నొప్పి పోయాక ఇక డాక్టరెందుకని ఇంట్లో అన్నారు గానీ, చీము కారడం నాకు మంచి లక్షణంగా తోచలేదు.

చెవి డాక్టరు లైటు వేసి చూసి, కర్ణభేరికి చిన్న చిల్లు పడిందన్నారు. కర్ణభేరి బాగున్నంతవరకు స్నానం నీరు మధ్యచెవిలోకి పోయే దారే లేదని, జలుబు వల్ల ముక్కు వెనుక భాగాన్ని మధ్యచెవితో కలిపే యూస్టేషియన్ నాళం వాచి మూసుకుపోయి, లోపల నిలిచిన ద్రవంలో సూక్ష్మజీవులు పెరిగి చీము పట్టిందని, ఆ ఒత్తిడికి భేరి చిరిగి చీము బయటపడడంతో నొప్పి తగ్గిందే తప్ప ఇన్ఫెక్షన్ తగ్గలేదని ఆయన వివరించారు. నాగావళి తప్పేమీ లేదని అత్తగారికి చెప్పాను, ఆవిడ నమ్మలేదు.

పెన్సిలిన్ పడదా, ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా అని అడిగిన తరువాతే ఆయన 625 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అందులో 500 పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ అయిన అమాక్సిసిల్లిన్, 125 క్లావులానిక్ ఆమ్లం. మధ్యచెవిలో చీము పట్టించే సూక్ష్మజీవుల్లో న్యూమోకాకస్ ముఖ్యమైనది కాగా, హీమోఫిలస్, మొరాక్సెల్లా అనేవి బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసి అమాక్సిసిల్లిన్‌ను విరిచేయగలవు. క్లావులానిక్ ఆమ్లం ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఈ మాత్రతో కడుపు పాడవడం మామూలే కాబట్టి అన్నం మొదటి ముద్దలతో వేసుకోమన్నారు. అలా వేసుకున్నా నాకు విరేచనాలు అయ్యాయి, కానీ ఓఆర్‌ఎస్ నీళ్లతో గట్టెక్కాను. పారాసిటమాల్ నొప్పికి, జ్వరానికి మాత్రమే.

ఇంట్లో ఉన్న చెవి మందులన్నీ తీసుకురమ్మంటే పట్టుకెళ్లాను. వాటిలో రెండింటిని ఆయన పక్కన పెట్టేశారు. ఒకటి గుబిలి కరిగించే చుక్కలు, వాటిని చిల్లు పడిన చెవిలో వేయకూడదు. రెండోది మందుల షాపతను చీటీ అడగకుండానే మా వారికి ఇచ్చిన జెంటామైసిన్ చుక్కలు. భేరికి చిల్లు ఉన్నప్పుడు ఆ జాతి మందులు లోపలి చెవిని దెబ్బతీసి, వినికిడిని శాశ్వతంగా తగ్గించే ప్రమాదం ఉంది. వాటికి బదులు ఆ భయంలేని సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు రాశారు. చల్లటి చుక్కలు పడితే తల తిరుగుతుందని సీసాను కాసేపు గుప్పిట్లో వెచ్చబరిచి, కుడివైపు తిరిగి పడుకొని వేయించుకునేదాన్ని. చెవి రంధ్రం ముందున్న చిన్న మిట్టను నొక్కి వదిలితే మందు లోపలికి దిగి, కొంచెం సేపటికి గొంతులో చేదు తగిలేది. చిల్లులోంచి, యూస్టేషియన్ నాళం గుండా మందు గొంతులోకి వచ్చిందన్నమాట. స్నానానికి ముందు వాజలిన్ రాసిన దూది చెవిలో పెట్టుకునేదాన్ని.

చీము ఆగింది గానీ వినికిడి రాలేదు. నేను పాఠాలు చెప్పే బడిలో ఎడమవైపు బల్లల పిల్లలు చెప్పే జవాబులు సగమే వినిపించేవి. ఆ మాత్రలే మరో కోర్సు రాయమని అడిగితే డాక్టరు ఒప్పుకోలేదు. చీము తగ్గినా మధ్యచెవిలో మిగిలిన ద్రవం ఇంకడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుందని, దాన్ని ఎండబెట్టే యాంటీబయాటిక్ లేదని, ఇలాంటి చిల్లులు చాలావరకు వాటంతటవే పూడుకుంటాయని చెప్పారు. అప్పుడు నాకది తప్పించుకునే మాటలా అనిపించింది. సంక్రాంతి సెలవుల తరువాత చేయించిన వినికిడి పరీక్షలో రెండు చెవులూ సమానంగా వచ్చాయి.

ఆ తరువాత మా ఆడపడుచు నాలుగేళ్ల కూతురికి ఒక చెవి పోటు, కొద్దిగా జ్వరం వస్తే అదే డాక్టరు పారాసిటమాల్ సిరప్ మాత్రమే వాడమన్నారు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు గంటల ఎడంతో. రెండేళ్లు దాటిన పిల్లల్లో చీము కారకుండా, తీవ్రత తక్కువగా ఉంటే రెండు మూడు రోజులు చూడవచ్చని, చాలామందికి అదే తగ్గిపోతుందని, తగ్గకపోయినా, జ్వరం పెరిగినా వెంటనే తీసుకురమ్మని చెప్పారు. “ఏటి వదినా, మందే రాయకపోతే ఫీజెందుకు తీసుకున్నట్టు?” అని ఆవిడ దారిపొడవునా నన్నే నిలదీసింది. రెండో రాత్రికి పిల్ల హాయిగా నిద్రపోయింది. యాంటీబయాటిక్ కొనవలసిన అవసరం రాలేదు. ఫీజు సంగతి మాత్రం మా ఆడపడుచు ఇప్పటికీ వదలలేదు.