గద్వాల కిరాణంలో మంఘారాం డబ్బా

పాత మిఠాయి డబ్బాలు, మసాలా డబ్బాలు సేకరించాలంటే పాత ఇనుప సామాన్ల దుకాణాల కంటే, తరాలుగా ఒకేచోట నడుస్తున్న కిరాణం దుకాణాల్లో వెతకడమే మేలు. మహబూబ్‌నగర్‌లో పొద్దంతా తిరిగితే కనిపించినవి నూనె డబ్బాలే, అవీ నొక్కి చదును చేసినవి. సాయంత్రం రైలెక్కి, కృష్ణ దాటి గద్వాలలో దిగాను.

మర్నాడు కోట దగ్గరి సందులో ఒక కిరాణంలో యాలకులు అడిగాను. గల్లా దగ్గర కూర్చున్న అవ్వ వెనక అరలోంచి ఒక రేకు డబ్బా తీసింది. యాలకుల సంగతి మర్చిపోయాను.

"అవ్వా, ఆ డబ్బా ఒకసారి చూడొచ్చా?"

"గిదేం చూస్తవ్ బిడ్డా, తుప్పువట్టింది. మా మామ పండుగకు బిస్కెట్లు తెచ్చిండు. తినుడైనంక ఇలాచీ పోసిండ్రు, గంతే."

మూత మీద కృష్ణుడు. నీలం రంగు ఇంకా చెదరలేదు. వేలు పెట్టి మూత లేపే చోట మాత్రం రంగంతా పోయి, తెల్లటి రేకు అర్ధచంద్రంలా బయటపడింది. ఎన్ని వేళ్లు, ఎన్నేళ్లు తగిలితే అలా అరుగుతుంది! పక్కన సన్నటి అక్షరాల్లో జె.బి. మంఘారాం, గ్వాలియర్ అని ఉంది. బరువు పౌండ్లలో ఉంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ బిస్కెట్ల కంపెనీ సింధ్‌లోని సుక్కూర్‌లో 1919లో పుట్టి, దేశ విభజన తర్వాత గ్వాలియర్ చేరింది. మన దగ్గర కిలోల తూకం 1958లో మొదలై, 1960ల మొదట్లో తప్పనిసరి అయింది. అంటే ఈ డబ్బా విభజనకూ, కిలోల తూకానికీ మధ్య కాలానిదే. తేదీ ముద్ర లేకపోయినా ఊరి పేరు, తూకం కలిసి వయసు చెప్పేశాయి. అణాల్లో ధర ఉంటే 1957కు ముందుదని, పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతదని కూడా ఇలాగే పట్టుకోవచ్చు.

ధర అడిగితే అవ్వ డబ్బులు వద్దంది. "మూత గట్టిగ వడే స్టీలు డబ్బా తెచ్చియ్యి, ఇలాచీ వాసన పోవద్దు" అంది. బజారుకెళ్లి ఉన్నవాటిలో మంచిది కొన్నాను. ఆమె మూత నాలుగుసార్లు పెట్టి తీసి చూసుకున్నాకే యాలకులు అందులోకి వంపింది.

కొందరు ఇలాంటివి చింతపండు పెట్టి తోమి తళతళలాడిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రేకు మీద అచ్చు పలుచటి పొర, గట్టిగా రుద్దితే బొమ్మ పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, తేమ తగలకుండా ఉంచితే చాలు. లోపలి యాలకుల వాసననైతే నేను అస్సలు పోనివ్వను.

బయల్దేరుతుంటే అవ్వ వెనక్కి పిలిచింది. నారాయణపేటలో ఆమె చెల్లెలి ఇంట్లో పాత ఇంగువ డబ్బాలు ఉన్నాయట. వచ్చే నెల అక్కడికే, ఈసారి స్టీలు డబ్బాలు ముందే కొనిపెట్టుకుని వెళ్తాను.