క్రిస్మస్ గ్రామం: ఇళ్ళకన్నా ముందు నేల

ప్రతి డిసెంబరులోనూ ఒక పెద్ద బల్ల మీద చిన్న క్రిస్మస్ గ్రామాన్ని అమర్చే అలవాటు నాకు ఉంది. చూడవచ్చిన వారు ముందుగా అడిగేది ఇళ్ళ గురించే: ఎన్ని ఉన్నాయి, ఏ కంపెనీవి, ఈసారి కొత్తగా చేరినది ఏది అని. నేను మాత్రం అమరికకు పట్టే సమయంలో సగానికి పైగా, ఇళ్ళు ఇంకా పెట్టెల్లో ఉండగానే, వాటి కింద ఉండబోయే నేల మీద వెచ్చిస్తాను. ఒకే ఎత్తున వరుసగా నిలబెట్టిన ఇళ్ళు, విడివిడిగా ఎంత అందమైనవైనా, దుకాణపు అలమరలోని సరుకులాగే కనిపిస్తాయి. వాటి మధ్య ఒక వాలు, ఒక మలుపు, ఏమీ పెట్టని కొంత ఖాళీ చోటు వచ్చినప్పుడే అక్కడ ఎవరో నివసిస్తున్నారన్న భావన కలుగుతుంది.

ఈ సంప్రదాయం ఎక్కడ పెరిగినా నేలకు పెద్ద పీటే దక్కింది. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి ఏర్పాటు చేసిన యేసు జనన దృశ్యంలో గడ్డి, పశువుల తొట్టి, ఎద్దు, గాడిద ఉన్నాయే తప్ప గ్రామం లేదు. అయితే 18వ శతాబ్దం నాటికి నేపుల్స్ కళాకారులు ఆ దృశ్యం చుట్టూ సంతను, పూటకూళ్ళ ఇంటిని, కొండదారిని కల్పించారు. కొండలను సీసా బిరడాలు చేసే కార్క్ చెట్టు బెరడుతో నిలబెట్టారు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బెత్లెహేములో స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవులు అడవి నుంచి నాచు, రాళ్ళు, చెట్ల మొద్దులు తెచ్చి క్రిస్మస్ దృశ్యాన్ని పేర్చేవారు. ఆ తరువాత జపాన్‌లో తయారైన అట్ట ఇళ్ళు, వెనుక బల్బు దూర్చడానికి రంధ్రంతో, పాశ్చాత్య దేశాల క్రిస్మస్ చెట్ల కిందికి చేరాయి. డిపార్ట్‌మెంట్ 56 అనే అమెరికన్ కంపెనీ 1976లో లోపల దీపం వెలిగే పింగాణి ఇళ్ళను ‘స్నో విలేజ్’ పేరుతో విడుదల చేశాక, సేకరణ అనేది ఒక ప్రత్యేక వ్యాపకమై, ఇల్లు ప్రధానమై, నేల వెనుకబడింది. నాకున్న ఫిర్యాదు అదే.

నేల విషయానికి వచ్చే ముందు కొలతల సంగతి తేల్చుకోవాలి. సుమారు 175 సెంటీమీటర్ల మనిషి 1:48 నిష్పత్తిలో మూడున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువగా, 1:64లో 2.7 సెంటీమీటర్లుగా, 1:87లో రెండు సెంటీమీటర్లుగా ఉంటాడు. పింగాణి ఇళ్ళు చేసేవారు ఈ నిష్పత్తులను కచ్చితంగా పాటించరు. చర్చి, రొట్టెల కొట్టు, రెండు గదుల ఇల్లు దాదాపు ఒకే పరిమాణపు పెట్టెల్లో వస్తాయి. బొమ్మల మనుషులైతే తరచుగా తాము కాపురముండే ఇంటి తలుపుకన్నా పొడవుగా ఉంటారు. కాబట్టి కొనేటప్పుడు పెట్టె మీది అంకెలను కాకుండా తలుపు ఎత్తును కొలవడం మంచిది. తలుపు పెద్దగా ఉన్న ఇళ్ళను ముందు, చిన్నగా ఉన్నవాటిని వెనుక, కొంచెం ఎత్తున పెడితే, లోపంలా కనిపించే ఆ తేడా దూరాన్ని సూచించే ఉపాయంగా మారుతుంది. మనుషుల బొమ్మలను మాత్రం ఏ ఇంటి తలుపుకూ ఆనించి నిలబెట్టకూడదు. రోడ్డు మధ్యలో, చెట్టు పక్కన, తలుపుకు దూరంగా ఉంటే కన్ను పోల్చి చూడదు.

నేలకు నేను వాడేది ఫోమ్ పలకలు. పూసలు పూసలుగా రాలే మామూలు తెల్ల థర్మాకోల్ చవకే కానీ, కోసినప్పుడు అంచులు చెదిరి, గుళ్ళు ఇల్లంతా ఎగిరి అంటుకుంటాయి. వేడి చొరబడకుండా గోడలకూ పైకప్పులకూ బిగించే నున్నని, గట్టి ఫోమ్ పలక కత్తికి చక్కగా లొంగుతుంది. వేడి తీగతో కోస్తే అంచు మరింత నునుపుగా వస్తుంది, అయితే వెలువడే పొగ పీల్చదగినది కాదు కనుక కిటికీలు తెరిచి ఉంచాలి. ఘాటైన ద్రావకాలున్న జిగురులూ, స్ప్రే రంగులూ ఈ ఫోమ్‌ను కరిగించి గుంటలు చేస్తాయి; వడ్రంగులు వాడే తెల్ల జిగురు, నీటితో కలిపే రంగులు సరిపోతాయి.

పలకలను మెట్లుగా పేర్చి వదిలేయడం చాలా మంది చేసే పని. ఆ మెట్ల అంచులను ఏటవాలుగా చెక్కి, కొన్ని చోట్ల నిటారుగా, కొన్ని చోట్ల మెల్లగా దిగేలా చేస్తేనే కొండ స్వభావం వస్తుంది. ఇల్లు నిలిచే చోటు మాత్రం చదునుగా ఉండాలి. అక్కడ పింగాణి అడుగు పట్టేటంత లోతుగా, అర సెంటీమీటరు మేర గుంట తవ్వితే ఇల్లు నేల మీద పెట్టినట్టు కాక నేలలోంచి లేచినట్టు కనిపిస్తుంది, పైగా బల్లను ఎవరైనా తగిలినా కదలదు. వైర్లకు దారులు కూడా ఈ దశలోనే, పలకల అడుగు వైపున కాలువల్లా చెక్కాలి. రంధ్రాలను వైరు మందానికి కాకుండా ప్లగ్ పట్టేటంత వెడల్పుగా చేసుకోవాలన్నది చివరి గంటలో గుర్తొస్తే ప్రయోజనం లేదు.

తరువాత దారి. ఇళ్ళను పెట్టి మిగిలిన చోట దారి వేయడం కన్నా, ముందు దారి గీసి దానికి ఇరువైపులా ఇళ్ళను కూర్చోబెట్టడం మేలు, ఎందుకంటే నిజమైన ఊళ్ళు కూడా దారులు కలిసే చోటనే పుడతాయి. చూసేవారికి దగ్గరగా దారిని వెడల్పుగా మొదలుపెట్టి, వెనుకకు పోతూ సన్నబరిచి, ఒక ఇంటి మలుపులో మాయం చేస్తే, గోడకు ఆనించిన బల్ల కూడా లోతుగా అనిపిస్తుంది. ఇళ్ళన్నీ నేరుగా మన వైపే చూడనవసరం లేదు. కొన్నిటి పక్కగోడ మాత్రమే కనిపించడం ఊరికి సహజం. అలంకారంగా చేసిన ముఖభాగం దాగిపోతుందని బాధపడేవారికి నేను ఏమీ చెప్పలేను. జనన దృశ్యాన్ని నేను ఊరి నడిబొడ్డున కాకుండా దారి చివర, ఇళ్ళకు కొంచెం ఎడంగా ఉంచుతాను; సత్రంలో చోటు దొరకని కథకు అదే తగినచోటు. మంచు కురిసే ఐరోపా వీధి పక్కన యూదయ దేశపు పశువుల పాక పొసగదని కొందరంటారు. నేపుల్స్ వారు శిథిలమైన ప్రాచీన ఆలయంలో శిశువును ఉంచి, చుట్టూ తమ కాలపు దుస్తులు తొడిగిన కూరగాయల అమ్మకందార్లను నిలబెట్టారు కాబట్టి ఆ అభ్యంతరానికి నా దగ్గర పెద్ద విలువ లేదు.

వెలుతురు మీద ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే బాగా కట్టిన గ్రామాలను కూడా ఎక్కువగా చెడగొట్టేది అదే. ఇళ్ళతో వచ్చే బల్బులన్నీ ఒకే ప్రకాశంతో వెలిగితే ఊరంతా ఒకే క్షణాన మేలుకున్నట్టుంటుంది. ఇంటి లోపలికి 2700 నుంచి 3000 కెల్విన్‌ల మధ్య ఉండే పసుపుపచ్చని ఎల్ఈడీ చాలు (కెల్విన్ అంటే కాంతి రంగుకు కొలత). 5000 కెల్విన్‌లకు పైబడిన తెల్లని కాంతిలో కిటికీ కార్యాలయంలా కనిపిస్తుంది. ఒకటి రెండు ఇళ్ళను చీకటిగానే వదిలేయాలి. ఆ ఇంటివారు నిద్రపోయారనో, చర్చికి వెళ్ళారనో చూసేవారే అనుకుంటారు. పింగాణి గోడ పలచగా ఉంటే వెలుగు కిటికీలోంచే కాక గోడంతటా పొంగి వస్తుంది. అట్ట ఇల్లయితే లోపలి వైపు నల్లరంగు పూసి దీన్ని ఆపవచ్చు. ఇంటి అడుగున సందులోంచి కారే కాంతి గీత మరీ చికాకు పెడుతుంది, దానికి ఇందాక చెప్పిన గుంటే మందు. గ్రామం వెనుక, కనిపించని చోట, చాలా మసకగా ఒక నీలి కాంతిని గోడ మీదికి తిప్పితే రాత్రి ఆకాశం ఏర్పడుతుంది, పైకప్పుల ఆకారాలు విడిగా తేలుతాయి. మిణుకుమిణుకుమంటూ ఆరి వెలిగే దీపాలను నేను వాడను. అవి కంటిని లాగేసుకుని, మిగిలిన శ్రమనంతా వృథా చేస్తాయి.

పాత ఫిలమెంటు బల్బుల వేడి అట్టకూ దూదికీ ప్రమాదకరం కనుక వాటి స్థానంలో ఎల్ఈడీలే పెట్టాలి. బొమ్మలకు అడాప్టర్లు ఒక్కో కంపెనీవి ఒక్కో వోల్టేజిలో ఉంటాయి, పిన్ను సరిపోయినంత మాత్రాన కరెంటు సరిపోదు. అందుకే ప్రతి అడాప్టరు మీదా అది ఏ బొమ్మదో రాసిన కాగితం అంటించడం అవసరం. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి మరో దాన్ని గుచ్చుకుంటూ పోకూడదు.

మంచు విషయంలో తక్కువే మంచిది. దూది చుట్టను యథాతథంగా పరిస్తే పరుపులా ఉంటుంది. దాన్ని పొరలుగా విడదీసి, పలచని పొరను వాలు మీద సాగదీసి, పైన కొంచెం మంచుపొడి చల్లాలి. మంచు పైనుంచి పడుతుంది కనుక చూరు కింద, చెట్టు మొదట్లో, జనం నడిచే దారి మీద తక్కువగా ఉంటుందన్న సంగతి గుర్తుంటే చాలు. ఉప్పు వాడమని కొందరు సలహా ఇస్తారు, కానీ అది గాలిలోని తేమను పీల్చి లోహపు భాగాలకు తుప్పు పట్టిస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: 1930, 40 దశకాలలో కృత్రిమ మంచుగా ఆస్‌బెస్టాస్‌ను అమ్మిన మాట నిజం. ఆ కాలపు అలంకరణలు వారసత్వంగా వచ్చి, వాటి మీద తెల్లని పీచులాంటి పొడి ఉంటే దులపడం, ఊదడం చేయకుండా మూసి పక్కన పెట్టాలి.

రైలు కావాలా వద్దా అన్నది స్థలం తేల్చే ప్రశ్న. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు ఉండే హెచ్ఓ అనే రకం బొమ్మ రైలుసెట్లలో వలయం సాధారణంగా 18 అంగుళాల వ్యాసార్థంతో వస్తుంది, అంటే దాదాపు మీటరు వెడల్పు దానికే పోతుంది. ఆ ఎడం 9 మిల్లీమీటర్లే ఉండే ఎన్ గేజి రకం రైలు అందులో సగం చోటులో తిరుగుతుంది, కానీ పెద్ద ఇళ్ళ ముందు మరీ బుల్లిగా ఉంటుంది కాబట్టి వెనుక కొండ మీదే దానికి స్థానం. సొరంగం కడితే లోపల ఆగిపోయిన పెట్టెను చేత్తో అందుకునే వీలుండాలి, పట్టాల దగ్గర మంచుపొడి ఉండకూడదు.

విప్పేటప్పుడు ముందుగా పై నుంచీ పక్కల నుంచీ ఫోటోలు తీసుకుని, తరువాత మనుషులను, చెట్లను, ఇళ్ళను ఆ వరుసలోనే తీస్తాను. పింగాణి ఇళ్ళను వాటితో వచ్చిన, వాటి ఆకారానికి అచ్చుపోసిన థర్మాకోల్‌లోనే ఉంచడం ఉత్తమం, తేమను పీల్చే చిన్న పొట్లాలు పెట్టెకొకటి వేయాలి. ఫోమ్ నేలను దాచే పెట్టె పరిమాణానికి తగిన ముక్కలుగా మొదటే కోసి ఉంటే, అతుకులను దూది కింద దాచవచ్చు, విప్పడానికి అరగంట పట్టదు. బ్యాటరీలన్నీ తీసేయాలి, ఏడాది పొడవునా లోపలే ఉంటే కారి, అవి తాకే లోహపు భాగాలను తినేస్తాయి. గుండీ ఆకారపు బ్యాటరీలను పిల్లలు మింగితే ప్రాణాంతకం కనుక, వాటిని విడిగా, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, అందనంత ఎత్తున భద్రపరచాలి.