పీవీసీ పైపు మీద పన్నెండు బొమ్మలు

హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ నా మొదటి సోలో షోకి ఒప్పుకున్నది సెప్టెంబర్‌లో. జనవరికి పన్నెండు ఆయిల్ పెయింటింగులు కావాలన్నారు. మాది అమలాపురం పక్క ఊరు. ఆ మూడు నెలలూ ఇక్కడ వాన, ముసురు, తుపాను.

ఆయిల్ రంగు నీళ్ల రంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అంబర్ అనే గోధుమ రంగు రెండ్రోజుల్లో ఆరిపోతుంది కానీ టైటానియం తెలుపు వారం దాటినా వేలికంటుతుంది. నా బొమ్మల నిండా కాలవ నీళ్ల మీద మెరుపే, అంటే తెలుపే! కాన్వాసు వెనక బూజు కూడా మొదలైంది. గోడకి జానెడు దూరం జరిపి, రాత్రంతా ఫ్యాన్ వేసి ఉంచాను. ఆ నెల కరెంటు బిల్లు గురించి అడగొద్దు.

అంతకంటే ఇబ్బంది పెట్టింది బయోడేటా. బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) తర్వాత పదకొండేళ్లు ఖాళీ. పెళ్లి, ఇద్దరు పిల్లలు, మామగారి మంచం. 'ఫ్రీలాన్స్ అని రాసెయ్' అంది స్నేహితురాలు. నిజానికి ఆ పదకొండేళ్లూ వీధిలో పిల్లలందరికీ జువాలజీ రికార్డులు వేశాను. బొద్దింక జీర్ణవ్యవస్థ కళ్లు మూసుకుని వేయగలను. పెళ్లిళ్లకి అడ్డుతెరలు, కొబ్బరి బొండాల మీద రంగులు సరేసరి.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి చదువుకునే రోజుల్లో చాలాసార్లు వెళ్లాను. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన ఆయన పేరు మా వైపు అందరికీ తెలుసు. ఆయన భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులేనని ఎంతమందికి తెలుసు? అది గుర్తొచ్చి, రికార్డులూ బొండాలూ అన్నీ బయోడేటాలో రాసేశాను. గ్యాలరీ వాళ్లు బొండాలు తీసేయమన్నారు. తీయలేదు.

ధరలు చదరపు అడుగు లెక్కన కట్టాను. మూడో వంతు గ్యాలరీకే.

ఇక తీసుకెళ్లడం. అమలాపురానికి రైలు లేదు, చట్రాలతో సహా బస్సెక్కించలేను. మేకులు ఊడదీసి, కాన్వాసుల మధ్య బటర్ పేపర్ పెట్టి, లావుపాటి పీవీసీ పైపు చుట్టూ చుట్టాను. రంగున్న వైపు బయటికే ఉండాలి, లోపలికి చుడితే ముడతలు పడి పొర నలుగుతుంది. ఈ పన్నెండూ కాక, రంగు పూసే నైఫుతో మందంగా వేసిన రెండు బొమ్మలు ఎలా చుట్టినా పగిలేవే. వాటిని ఇంట్లోనే వదిలేశాను, ఇప్పటికీ బాధే. పైన పాత బొంత, దాని మీద యూరియా సంచి. రావులపాలెం దగ్గర కండక్టర్ 'చేపల చెరువుకా అమ్మా?' అన్నాడు. అవునన్నాను, లేకపోతే లగేజీ మీద పేచీ.

రాజమండ్రిలో రాత్రి రైలు, పొద్దున్న సికింద్రాబాద్, అక్కడ మళ్లీ చట్రాలకి బిగింపు. షో బాగానే జరిగింది. ఒక పెద్దాయన బయోడేటా చదివి, 'బొద్దింక బొమ్మ పెట్టలేదేమ్మా?' అని అడిగారు.

మూడు అమ్ముడయ్యాయి. మిగతా తొమ్మిదీ అదే పైపు మీద తిరిగొచ్చాయి. మోటారుకి కావాలని మావారు ఆ పైపు రెండుసార్లు అడిగారు. ఇవ్వలేదు.