కంచి విడిచి వెళ్ళిన దేవతలు

తిరుమల దర్శనం ముగించుకుని కొండ దిగిన మరునాటి ఉదయం అమ్మా నేనూ తిరుపతిలో కంచి బస్సు ఎక్కాము. అమ్మకు కంచి కొత్త కాదు. 1979లో, కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాదే, మా నాయనమ్మ ఆమెను వెంటబెట్టుకుని అత్తివరదరాజస్వామి దర్శనానికి తీసుకువెళ్ళింది. నలభై ఏళ్ళకు ఒక్కసారి కోనేటి నుంచి వెలికి వచ్చే ఆ స్వామిని 2019లో మళ్ళీ చూడాలని ఆమె ఎంతో ఆశపడింది కానీ, మోకాలి శస్త్రచికిత్స వల్ల ఆ ఏడు కదలలేకపోయింది. ఆ లోటు తీర్చలేకపోయినా, కంచిలో ఉన్న దేవుళ్ళందరినీ ఒకసారి నిదానంగా చూపించాలన్నది నా కోరిక. చిన్నప్పుడు ప్రతి కథ చివరా "కథ కంచికి, మనం ఇంటికి" అని ఆమె అంటుంటే, కథ కంచికే ఎందుకు వెళుతుందని నేను అడిగేవాడిని. "దేవుళ్ళంతా అక్కడే ఉన్నారు కద నాన్నా, వాళ్ళు వినొద్దూ?" అనేది. ఆ జవాబు అప్పుడూ నాకు చాలింది, ఇప్పుడూ చాలుతుంది.

మోక్షమిచ్చే ఏడు పురాలలో దక్షిణాదిన ఉన్నది కంచి ఒక్కటే. ఆళ్వారులు పాడిన నూట ఎనిమిది వైష్ణవ దివ్యదేశాలలో పధ్నాలుగు ఈ ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి. ఏడవ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఇక్కడ వందకు పైగా బౌద్ధారామాలనూ పదివేలమంది భిక్షువులనూ గురించి రాసుకున్నాడు. తెలుగువాళ్ళకు ఈ ఊరితో ఉన్న బంధం అంతకంటే పాతది. గుంటూరు ప్రాంతంలోని మైదవోలులో దొరికిన ప్రాకృత రాగి రేకులు పల్లవ యువరాజు శివస్కందవర్మ కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి పంపిన ఆజ్ఞ. అంటే మన అమరావతి ప్రాంతానికి కంచి ఒకప్పుడు రాజధాని. శివభక్తుడు చిరుతొండనంబి కథను మన కవులు కంచిలో నడిపించారంటే, ఆ ఊరు వారికి పరాయిదిగా తోచలేదనే నేను అనుకుంటాను.

మధ్యాహ్నం గుడులన్నీ మూసి ఉంటాయి కనుక, ఆ ఎండలో బస దగ్గరే కాస్త నడుము వాల్చి, సాయంత్రం కైలాసనాథాలయానికి వెళ్ళాము. ఊరి పడమటి కొసన, ఇళ్ళ సందడి పలచబడిన చోట, ఇసుకరాతి వన్నెలో ఆ గుడి ఒంటరిగా కనిపించింది. ఎనిమిదవ శతాబ్ది ఆరంభంలో పల్లవరాజు రాజసింహుడు, అనగా రెండవ నరసింహవర్మ, దీనిని కట్టించాడు. ఆయన పేరు మీదనే మొదట దీనికి రాజసింహేశ్వరమని పేరు. గర్భాలయంలో పదహారు పలకల లింగం, దాని వెనుక గోడ మీద పార్వతీ స్కందులతో కూర్చున్న సోమాస్కందమూర్తి ఉన్నారు. చుట్టూ ప్రాకారాన్ని ఆనుకుని 58 చిన్న గుళ్ళు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి మనిషి లోపల కూర్చుని ధ్యానం చేసుకునేంత. వాటిలో కొన్నింటి లోపల సున్నపు పూత మీద పాత వర్ణచిత్రాల చెరగని తునకలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఒకచోట ఒక కన్ను, మరొకచోట ఒక భుజం వంపు. ఆ గుళ్ళ మీద రాజసింహుడి బిరుదులు రెండువందలకు పైగా, వేర్వేరు లిపుల్లో చెక్కి ఉన్నాయి. మెత్తని రాయి కావడంతో వానకూ గాలికీ శిల్పాల ముఖాలు అరిగిపోయాయి. తర్వాతి కాలంవారు వాటిమీద సున్నం మెత్తి బాగుచేశామనుకున్నారు కానీ, ఆ పూత ఊడిన చోట బయటపడే పల్లవ శిల్పి ఉలిపని చూసినప్పుడు నాకు ఆ మరమ్మతుల మీద బాధే కలిగింది.

ఈ గుడిలో నేను అన్నిటికంటే ముందు చూడాలనుకున్నది ముఖమండపంలోని ఒక స్తంభం. ఏ దీపారాధనా జరగని ఆ రాతి మీద పాత కన్నడంలో ఒక శాసనం ఉంది. పల్లవ మొదటి నరసింహవర్మ 642లో చాళుక్యుల రాజధాని వాతాపిని పట్టుకున్నాడు. దాదాపు నూరేళ్ళ తర్వాత చాళుక్య రెండవ విక్రమాదిత్యుడు పగ తీర్చుకోవడానికి సేనతో కంచిలో ప్రవేశించాడు. గెలిచినవాడు ఏం చేస్తాడో ఆ కాలంలో అందరికీ తెలుసు. కానీ అతడు ఈ గుడికి వచ్చి, దేవుడి సొత్తును చూసి, అందులో ఏదీ ముట్టుకోక అంతా దేవుడికే తిరిగి ఇచ్చివేసినట్టు ఆ శాసనం చెబుతోంది. శత్రువు రాజధానిలో, శత్రువు కట్టించిన గుడి స్తంభం మీద, తన భాషలో ఆ మాట చెక్కించి వెళ్ళాడు. ఆయన రాణి లోకమహాదేవి ఆ విజయానికి గుర్తుగా పట్టదకల్లులో విరూపాక్షాలయం కట్టించింది. దాని రూపులో కైలాసనాథుడి పోలికలు స్పష్టంగా ఉన్నాయి. అక్కడి నుంచే ఆ ఒరవడి ఎల్లోరా కైలాసం దాకా సాగిందని పండితులు అంటారు. యుద్ధం కోసం వచ్చినవాళ్ళు గుడి కట్టే పద్ధతిని వెంట తీసుకువెళ్ళారు. ఆ స్తంభం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. గర్భాలయం చుట్టూ ఉన్న ఇరుకు ప్రదక్షిణ మార్గంలో దూరడానికి మోకాలు సహకరించక, అమ్మ నంది దగ్గర కూర్చుని నా కోసం ఎదురుచూసింది.

మరునాడు తెల్లవారకముందే కామాక్షమ్మ గుడికి వెళ్ళాము. పద్మాసనంలో కూర్చుని, చెరకువిల్లూ పూలబాణాలూ పాశాంకుశాలూ ధరించిన తల్లి ఎదుట ఆదిశంకరులు ప్రతిష్ఠించారని చెప్పే శ్రీచక్రం ఉంది. కంచిలోని మిగతా శివాలయాల్లో అమ్మవారికి విడిగా సన్నిధి ఉండదు, ఊరంతటికీ ఈ తల్లి ఒక్కతే అన్నది సంప్రదాయం. ఆ గుడి లోపలే కళ్వనూర్ అనే దివ్యదేశపు పెరుమాళ్ళు కూడా కొలువై ఉన్నాడు. ఏకామ్రేశ్వరుడి గుడి లోపల మరొక దివ్యదేశం ఉంది. శివకంచి, విష్ణుకంచి అని ఊరిని రెండుగా చెప్పుకుంటాము గానీ, ఊరు మాత్రం అట్లా గీత గీసుకోలేదు.

అక్కడే అమ్మకు బంగారు కామాక్షి సంగతి చెప్పాను. పదిహేడవ శతాబ్దం చివర మొగలు సేనల భయంతో అర్చకులు బంగారు అమ్మవారిని కంచి నుంచి రహస్యంగా తరలించారు. ఊరు మార్చి ఊరు, కొలువు మార్చి కొలువు తిరుగుతూ, తిరువారూరులో ఉండి, చివరికి ఆ తల్లి తంజావూరు చేరింది. మళ్ళీ కంచికి రాలేదు. ఆమెను కనిపెట్టుకుని వెంట నడిచిన అర్చక వంశంలోనే 1762లో, సంగీత త్రిమూర్తులలో ఒకరైన శ్యామశాస్త్రి పుట్టారు. ఆయన ఆ తల్లి మీద పాడుకున్న పాటలు ఎక్కువగా తెలుగువే. ఆ వంశంవారు పూర్వం మన కంభం ప్రాంతం నుంచి వెళ్ళినవారని సంగీత చరిత్రకారులు చెబుతారు. అమ్మ పుట్టిల్లు కంభం చెరువు కింది పల్లె. ఆమె ఒక్కసారిగా ఆగి, "అయితే అమ్మవారిని ఎత్తుకుని వెళ్ళింది మనవాళ్ళేనా?" అంది. ఆ తర్వాత గాయత్రీ మండపంలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఏకామ్రేశ్వరుడి రాజగోపురం సుమారు 190 అడుగుల ఎత్తు, పదకొండు అంతస్తులు. శ్రీకృష్ణదేవరాయలు 1509లో, అంటే పట్టానికి వచ్చిన ఏడాదే, దీనిని కట్టించాడు. లోపలి లింగం పృథివీలింగం. వేగవతి ఒడ్డున మామిడిచెట్టు కింద పార్వతి ఇసుకతో చేసుకున్న లింగమనీ, ఏరు పొంగి వస్తే దానిని రెండు చేతులా కావలించుకుని కాపాడుకుందనీ స్థలపురాణం. మన్ను కరగకుండా ఈ లింగానికి నీటితో అభిషేకం చేయరు. బయటి ప్రాకారాల దీర్ఘమైన వసారాలు విజయనగర కాలపు పనితనానికి మంచి ఉదాహరణలే అయినా, నిన్నటి కైలాసనాథుడి తర్వాత వాటి ఘనత నా మనసుకు అంతగా హత్తలేదు.

వైకుంఠ పెరుమాళ్ గుడి అలా కాదు. రెండవ నందివర్మ ఎనిమిదవ శతాబ్దంలో కట్టించిన ఈ గుడిలో ఒకదానిమీద ఒకటిగా మూడు గర్భాలయాలున్నాయి: కింద కూర్చున్న స్వామి, మధ్యలో శయనించిన స్వామి, పైన నిలుచున్న స్వామి. సింహపు స్తంభాల వసారాలో గోడల పొడవునా పల్లవుల చరిత్ర వరుస శిల్పాలుగా చెక్కి ఉంది. రాజు వారసుడు లేకుండా మరణిస్తే, కంచి పెద్దలు దూరాన ఉన్న జ్ఞాతి హిరణ్యవర్మ దగ్గరకు వెళ్ళి ఒక రాజును ఇమ్మని అడిగారు. ఆయన కొడుకులు నలుగురిలో పెద్దవాళ్ళు ముగ్గురూ వెనుకాడితే, పన్నెండేళ్ళ చిన్నవాడు నేను వెళతానన్నాడు. పంపడానికి తండ్రి మనసు మొదట ఒప్పుకోలేదని శిల్పాలతో పాటున్న శాసనం చెబుతుంది. ఆ పిల్లవాడే ఈ గుడి కట్టించిన నందివర్మ. తనను పెద్దలు వచ్చి అడిగి తెచ్చుకున్న రాజునని దాచుకోకుండా, దేవుడి చుట్టూ ఆ కథనే చెక్కించిన అతడి మీద నాకు గౌరవం కలిగింది. "ఇంత చిన్నబిడ్డను ఆ తల్లి ఎట్లా పంపిందో" అని అమ్మ ఒక శిల్పం అంచును వేలితో తాకబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కు తీసుకుంది.

మూడవనాడు వరదరాజస్వామి. నూరుకాళ్ళ మండపం నాలుగు మూలలా వేలాడే రాతి గొలుసులనూ, గుర్రాల మీద లేచిన యోధులనూ చూస్తూ నడిచి, హస్తిగిరి అనే గుట్ట మీది స్వామిని 24 మెట్లెక్కి దర్శించుకున్నాము. అచ్యుతదేవరాయలు ముత్యాలతో తులాభారం తూగింది ఈ స్వామి సన్నిధిలోనే. ఈ స్వామి కూడా ఒకసారి ఊరు విడిచాడు. అదే మొగలు సేనల భయంతో 1688లో మూర్తులను ఉడయార్‌పాళయం అడవుల్లో దాచారు. భయం తీరిన తర్వాత కూడా అక్కడి పాలెగాడు వాటిని తిరిగి ఇవ్వలేదు. ఆత్తాన్ జీయరు వేడుకోగా, ఆర్కాటు నవాబు కొలువులోని లాలా తోడరమల్లు బలగంతో వెళ్ళి 1710లో స్వామిని కంచికి తీసుకువచ్చాడు. తిరుమల ఆలయంలో తల్లితో, భార్యతో కలిసి చేతులు జోడించి నిలుచున్న తోడరమల్లు విగ్రహాలను మేము మూడు రోజుల క్రితమే చూశాము. ఇక్కడా ఆయన ప్రతిమ ఉంది. తిరుమలలో ఆయన ఎవరో తెలియక దాటిపోయిన అమ్మ, ఇక్కడ ఆయనకు నమస్కారం పెట్టింది.

మందారై ఆకుల్లో ఉడికించిన మిరియాల ఇడ్లీ ప్రసాదం తీసుకుని అనంతసరస్సు మెట్ల మీద కూర్చున్నాము. నీటి నడుమ చిన్న మండపం, దాని అడుగున అత్తికర్ర వరదుడు ఉన్నాడు. మళ్ళీ ఆయన లేచేది 2059లో. 1979లో వరుసలో నిలుచున్నప్పుడు నాయనమ్మ తన చేతిని ఎట్లా గట్టిగా పట్టుకుందో అమ్మ చెప్పింది. తర్వాత నీటి వైపు చేతులు జోడించి, లేస్తూ, "వరదుడైతే వచ్చాడు. ఆ తల్లే అక్కడ ఉండిపోయింది. తంజావూరు ఇక్కడికి ఎంత దూరం నాన్నా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, మేము రావడానికి ఇంకో మూడు రోజులు పడుతుందని చెప్పాను.