అగ్నివీరుడి బ్యారక్‌కి బడ్జెట్లో ఎంత?

రక్షణ బడ్జెట్ వచ్చిన ప్రతి ఏడాదీ మన టీవీల్లో చర్చ ఒకటే. ఎన్ని రఫేల్‌లు కొంటాం, ఎన్ని జలాంతర్గాములు కడతాం, చైనా ఎంత పెడుతోంది, మనం ఎంత పెడుతున్నాం. శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని ఆ చర్చ చూస్తుంటే నాకు చిరాకేస్తుంది. మా ఊళ్ళో ఏ వీధిలో చూసినా ఆర్మీలోనో, నేవీలోనో, సీఆర్‌పీఎఫ్‌లోనో ఒకరు ఉంటారు, వాళ్ళెవరైనా సెలవులకి వచ్చి రఫేల్ గురించి మాట్లాడగా నేనైతే వినలేదు. వాళ్ళ మాటలన్నీ లంగర్లో (జవాన్ల వంటశాల) తిండి, బ్యారక్‌లో (జవాన్లు కలిసి ఉండే బిల్డింగు) నీళ్ళు, ఫ్యామిలీ క్వార్టర్ లిస్టులో పేరు ఎన్నో నంబర్లో ఉంది, లీవు శాంక్షన్ అవుతుందా లేదా, వీటి చుట్టూనే తిరుగుతాయి.

సరే, లెక్కలు చూద్దాం. 2025-26 బడ్జెట్లో రక్షణ శాఖకి ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. అందులో దాదాపు 1.60 లక్షల కోట్లు పెన్షన్లకే పోతుంది (దీని మీద ఢిల్లీలో చాలామంది ఏడుస్తారు గానీ, మా జిల్లాలో ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలుగుతోందో, ఎంతమంది పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారో ఆ డబ్బుతో, వాళ్ళొచ్చి చూస్తే తెలుస్తుంది). కొత్తగా కొనడానికీ కట్టడానికీ ఇచ్చే క్యాపిటల్ 1.80 లక్షల కోట్లు. అందులోనూ 1.48 లక్షల కోట్లకి పైగా విమానాలు, ఓడలు, ఆయుధాల కొనుగోళ్ళకే. మిగిలిన 31 వేల కోట్ల చిల్లరలో పరిశోధన ఉంది, దేశమంతా రక్షణ శాఖ కట్టుకునే కట్టడాలూ ఉన్నాయి. జవాను పడుకునే గది వాటా ఆ మిగిలిన ముక్కలో ఎక్కడో ఉంటుంది. ఇక ఉన్న బిల్డింగుల రిపేర్లు, సున్నాలు, పైపులు ఇవన్నీ రెవెన్యూ ఖర్చు, అంటే రోజువారీ నడిపే ఖర్చు కింద వస్తాయి కాబట్టి టీవీ చర్చలో ఆ మాటే రాదు.

మా చిన్నాన్న హవల్దార్‌గా రిటైరయ్యాడు. ఆయన దగ్గర ఈ విషయం ఎత్తితే ఒకటే అంటాడు, "కొత్త బిల్డింగుకైతే శిలాఫలకం ఉంటాది, కారిపోతున్న పాత కప్పుకి తారు పూస్తే ఎవుడొచ్చి రిబ్బను కోస్తాడు?" ఆయన సర్వీసులో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి బ్యారకుల్లోనూ ఉన్నాడు, కొత్తగా కట్టిన కాంక్రీటు బ్యారకుల్లోనూ ఉన్నాడు. విచిత్రం ఏంటంటే ఆయనకి పాతవే నచ్చాయట. గోడలు లావుగా, కప్పు ఎత్తుగా ఉండి ఎండాకాలం చల్లగా ఉండేవట. కొత్తదానిలోకి మారిన మొదటి వానాకాలమే గోడలకి చెమ్మ ఎక్కి ట్రంకు పెట్టెలు గోడకి జానెడు దూరం జరుపుకోవాల్సి వచ్చిందట. అది ఏ ఊరు, ఏ యూనిట్ అన్నది ఇక్కడ రాయను, ఆయనా ఒప్పుకోడు. కంప్లయింట్ బుక్కులో రాయడం, ఎవరో వచ్చి చూసి వెళ్ళడం, ఫండ్స్ లేవనడం, మళ్ళీ మార్చి నెల రాగానే ఏడాది డబ్బు మురిగిపోతుందని అవసరం లేని చోట కూడా సున్నం కొట్టేయడం, ఇదీ ఆయన చెప్పే కథ. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఈ మార్చి హడావుడి కొత్తగా ఏమీ ఉండదు.

అయితే డబ్బు అసలు పెట్టలేదు అనడం కూడా అన్యాయమే. 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్ట్ అని మొదలుపెట్టారు, సుమారు 2 లక్షల ఫ్యామిలీ క్వార్టర్లు దశలవారీగా కట్టాలని. ఆలస్యమైంది, కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే సంస్థ) తన నివేదికల్లో తప్పులు పట్టింది, అవన్నీ నిజమే, కానీ వేల కుటుంబాలకి మంచి ఇళ్ళు వచ్చాయి. మా పిన్ని ఆ క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉన్నానంటుంది. అంతకుముందు అయితే చిన్నాన్న ఒక చోట, పిన్నీ పిల్లలూ ఇక్కడ తాతగారింట్లో.

నాకు అసలు ఇబ్బందిగా ఉన్నది ఇక్కడే. 2022 జూన్‌లో అగ్నిపథ్ అనే కొత్త భర్తీ పద్ధతి వచ్చింది, ఇందులో చేరినవాళ్ళే అగ్నివీరులు. అధికారి స్థాయికి కింద ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్సుల్లో కుర్రాళ్ళు చేరేది ఇప్పుడు ఎక్కువగా ఈ దారిలోనే. పదిహేడున్నర ఏళ్ళ నుంచి చేరొచ్చు, సర్వీసు నాలుగేళ్ళు, ఆ తర్వాత 25 శాతం దాకా ఉంచుకుంటారు, మిగతా వాళ్ళు సేవానిధి (చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బు) తీసుకుని ఇంటికి. చేరేటప్పుడు పెళ్ళి అయి ఉండకూడదు, ఆ నాలుగేళ్ళలో చేసుకోకూడదు. అంటే ఫ్యామిలీ క్వార్టర్ల మీద ఎంత ఖర్చు పెట్టినా అందులో ఒక్క రూపాయి కూడా వీళ్ళకి అందదు. చేరిన రోజు నుంచి వదిలే రోజు దాకా వీళ్ళ ఇల్లు బ్యారకే. పాత పద్ధతిలో జవాను కొన్నేళ్ళు బ్యారక్‌లో కష్టపడినా తర్వాత పెళ్ళి, క్వార్టర్, పిల్లలకి ఆర్మీ స్కూలు, చివర్లో పెన్షన్ ఉండేవి. అగ్నివీరుల్లో నలుగురిలో ముగ్గురికి ఇవేవీ ఉండవు, ఆర్మీ అంటే వాళ్ళకి ట్రైనింగ్ సెంటరూ బ్యారకూ మాత్రమే. అలాంటప్పుడు ఖర్చు కూడా బ్యారక్ వైపు జరగాలి కదా? జరిగిందా అని అడిగేవాడు లేడు.

మా అక్క కొడుకు అగ్నివీరుడే. వాడిని "బ్యారక్ ఎలా ఉందిరా" అంటే మొదట చెప్పింది చార్జింగ్ పాయింట్ల గురించి. ఫోన్ ఇచ్చే సమయం తక్కువ, ప్లగ్గులు ఇంకా తక్కువ, అందరికీ అదే గంటలో అమ్మతో మాట్లాడాలి. ఎప్పుడో కట్టిన బిల్డింగుకి ఎప్పుడో వేసిన వైరింగ్, దానికి ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్. వినడానికి చిన్న విషయమే, కానీ షార్ట్ సర్క్యూట్ అయితే? రెండోది బాత్రూములు. తెల్లవారకముందే పీటీ ఫాలిన్ (కసరత్తుకి వరసలో నిలబడటం) కాబట్టి నాలుగు గంటలకే లైను. ఒక ట్యాపు పాడైతే ఎంతమంది ఆలస్యమవుతారో, ఎంతమందికి రగడా (శిక్షగా చేయించే కసరత్తు) పడుతుందో వాడు నవ్వుతూ చెప్తాడు. వాడు నవ్వుతాడు, వాళ్ళమ్మ నవ్వదు.

ఇక్కడ ఒక వాదన తప్పకుండా వస్తుంది, మా ఊరి రచ్చబండ దగ్గర కూడా వచ్చింది: సైనికుడన్నవాడికి సుఖం అలవాటు చేస్తే ఎలా, కష్టపడితేనే కదా గట్టిపడేది. ఈ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది ఒక్క రాత్రి కూడా బ్యారక్‌లో పడుకోనివాళ్ళే, అది వేరే సంగతి. వీపు మీద బరువేసుకుని మైళ్ళు పరిగెత్తించడం ట్రైనింగ్. డ్రైనేజీ పొంగిన బాత్రూమ్‌లో స్నానం చేయించడం ట్రైనింగ్ కాదు. దగ్గర దగ్గరగా మంచాలు వేసిన హాల్లో ఒకడికి కళ్ళకలక వస్తే, గజ్జి తామర వస్తే, ఎంత వేగంగా పాకుతుందో సంక్షేమ హాస్టల్లో చదివిన ఎవరినైనా అడగండి. ఆర్మీలో అగ్నివీర్ ట్రైనింగ్ దాదాపు 31 వారాలు. పాత రోజుల కంటే హడావుడి ఎక్కువ, అందులో ఒక వారం జ్వరంతో పడుకుంటే ఆ కుర్రాడు బ్యాచ్‌లో వెనకబడతాడు. నాలుగేళ్ళ తర్వాత ఉంచుకోవాలా వద్దా అన్నది మెరిట్ మీద తేల్చే పద్ధతిలో ఇది మామూలు నష్టం కాదు.

డబ్బున్న దేశమైతే సరిగ్గా చేస్తుందనుకుంటే అదీ లేదు. అమెరికాలో 2023 సెప్టెంబర్‌లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో ఒక రిపోర్టు ఇచ్చింది. వాళ్ళు 10 సైనిక స్థావరాలకి స్వయంగా వెళ్ళి చూస్తే బ్యారకుల్లో బూజు, మురుగు సమస్యలు, పనిచేయని తలుపులూ కిటికీలూ. అక్కడ కూడా బ్యారక్‌లో ఉండాల్సింది ఎక్కువగా పెళ్ళికాని జూనియర్ సైనికులే. ఏళ్ళ తరబడి రిపేర్లు వాయిదా వేస్తూ పోవడం, పరిస్థితి ఎలా ఉందో సరైన లెక్క లేకపోవడం కారణాలని ఆ రిపోర్టు చెప్పింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మిలిటరీ ఖర్చు పెట్టే దేశం పరిస్థితి ఇది. చిన్నాన్నకి చదివి వినిపిస్తే "అక్కడ కూడా తారుకి డబ్బుల్లేవన్నమాట" అన్నాడు.

మన దగ్గర అలాంటి ఆడిట్ లేదని కాదు. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకి వచ్చిన కాగ్ నివేదిక సియాచిన్, లడఖ్ లాంటి ఎత్తైన చోట్ల జవాన్లకి బట్టలు, బూట్లు, రేషన్ కొరత గురించి చెప్పింది, అక్కడి వసతి ప్రాజెక్టు నడిచిన తీరుని కూడా తప్పుబట్టింది. అదే ఏడాది జూన్‌లో లడఖ్‌లోని గల్వాన్ దగ్గర చైనాతో ఘర్షణ జరిగింది. ఆ చలికాలానికి ఒక్కసారిగా వేలమందిని అక్కడ ఉంచాల్సి వచ్చేసరికి హీటింగ్ ఉన్న క్యాంపులు, కరెంటు, నీళ్ళు, అన్నీ నెలల్లో లేచాయి. అంత చలిలో, రోడ్లు మూసుకుపోయే చోట అది చేయగలిగారంటే చేతకాక కాదని అర్థమవుతోంది. చైనా వాడు ఎదురుగా నిలబడితే ఫైళ్ళు కదిలాయి, అంతే.

మంచి ఉదాహరణ కావాలంటే మనకి దగ్గర్లోనే ఉంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే చిలికా సరస్సు ఒడ్డున ఐఎన్‌ఎస్ చిల్కా ట్రైనింగ్ సెంటర్, నేవీలో చేరే కుర్రాళ్ళందరికీ మొదటి మెట్టు. 2022 చివర్లో మొదటి అగ్నివీర్ బ్యాచ్ అక్కడికే వెళ్ళింది, దాదాపు 2,600 మంది, అందులో 270కి పైగా అమ్మాయిలు. నావికులుగా ఆడపిల్లలు చేరడం అదే మొదటిసారి కాబట్టి వాళ్ళు వచ్చేలోపు వసతి, బాత్రూములు అన్నీ సిద్ధం చేయాల్సి వచ్చింది, చేశారు. 2023 మార్చి 28న వాళ్ళ పాసింగ్ అవుట్ పరేడ్ సూర్యాస్తమయం తర్వాత లైట్ల వెలుతురులో పెట్టారు. అమ్మాయిలు రావడం వల్ల అబ్బాయిలకి కూడా సదుపాయాలు బాగుపడతాయేమో అని నాకో ఆశ. సైనిక్ స్కూళ్ళలో కూడా 2021-22 నుంచి అమ్మాయిలు చేరుతున్నారు, విజయనగరం పక్కన మన కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో రాజావారి కోటలో మొదలైంది. ఇలాంటి పాత సైనిక్ స్కూళ్ళకి స్థలం, భవనాలు రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవాలి. అంటే అక్కడ కప్పు కారితే అడగాల్సింది ఢిల్లీని కాదు, అమరావతిని. ఈ తేడా చాలామందికి తెలియక ఎంపీకి అర్జీలు ఇస్తుంటారు.

అసలు ఈ ఖర్చు లెక్కలో ఎక్కడా కనిపించని ట్రైనింగ్ సెంటర్ ఒకటి ఉంది, మన ఊళ్ళ రోడ్లు. ఆర్మీ అగ్నివీర్ ఫిజికల్ టెస్టులో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరిగెడితే 60 మార్కులు, పది పులప్స్ తీస్తే 40. దానికోసం చీకటితోనే హైవే అంచున, లారీల పక్కన మన పిల్లలు పరిగెడతారు. మట్టి ట్రాకు, నాలుగు ఇనప బార్లు, ఒక లైటు స్తంభం ఉన్న గ్రౌండు మండలానికి ఒకటి ఉన్నా చాలు, రఫేల్ టైరు ఖర్చు కూడా అవదేమో. అది లేక ప్రైవేటు అకాడమీలు పుట్టుకొచ్చాయి. షెడ్డులో చాపలు, వరసగా పడుకోవడం, అందరికీ కలిపి ఒకటో రెండో బాత్రూములు, దానికి వేలల్లో ఫీజు. కొందరు మంచిగా నడుపుతున్నారు, కాదనను. కానీ కొలువు రాకముందే కుర్రాడికి బ్యారక్ జీవితం అలవాటు చేస్తున్నది ఈ షెడ్డులే.

మన ఎంపీలు పార్లమెంటులో ప్రశ్న వేస్తే మంత్రిత్వ శాఖ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఇంతమంది పిల్లల్ని పంపుతున్నాం కాబట్టి అడిగే హక్కు మనకి ఉంది. అడగాల్సినవి పెద్ద రహస్యాలేమీ కావు: అగ్నిపథ్ వచ్చాక ట్రైనింగ్ సెంటర్లలో కొత్త బ్యారకులకి ఎంత ఇచ్చారు, పాతవాటి రిపేర్లకి ఎంత ఇచ్చారు, అందులో మార్చి ఒక్క నెలలోనే ఎంత ఖర్చయింది, ఒక బాత్రూముకి ఎంతమంది కుర్రాళ్ళు. మొదటి నేవీ బ్యాచ్‌కి నాలుగేళ్ళు 2026 చివరికి నిండుతాయి. వాళ్ళలో ఇంటికి వచ్చేవాళ్ళని కూర్చోబెట్టి అడిగినా చాలా తెలుస్తుంది, యూనిఫాం తీసేశాక మాట్లాడటానికి వాళ్ళకి భయం ఉండదు. మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే, యూనిట్ పేరు, ఊరి పేరు లేకుండా, బ్యారక్ ఎలా ఉందో కింద రాయండి.